సెకండ్ హ్యాండ్ ఫ్లెక్స్ మిషన్ కొనేముందు: హెడ్ల పరీక్ష నుంచి డీసీఎంలో దింపుకునే దాకా

రేడియం స్టిక్కర్లు కోస్తూ, నంబర్ ప్లేట్లు తయారు చేస్తూ, ఫ్లెక్స్ ఆర్డరు వచ్చినప్పుడల్లా ఫైలు వేరే దుకాణానికి పంపి ప్రింట్ చేయించి తెచ్చుకునేవారికి ఏదో ఒక రోజు సొంత మిషన్ ఉంటే బాగుండునన్న ఆలోచన రాక మానదు. కొత్త మిషన్ ధర వినగానే చూపు సెకండ్ హ్యాండ్ వైపు మళ్లుతుంది. నల్లగొండలో నేను ఈ పని మొదలుపెట్టింది కూడా పాత మిషన్‌తోనే. మొదటిసారి దెబ్బ తిన్నాను, రెండోసారి జాగ్రత్తపడ్డాను. ఆ రెండింటి మధ్య నేర్చుకున్నది ఒక్క మాటలో చెప్పాలంటే, పాత మిషన్‌కు మనం కట్టే ధర నిజానికి అందులో ఇంకును చుక్కలుగా చిమ్మే హెడ్లకు మిగిలిన ఆయుష్షు ధర. చట్రం, పట్టాలు, మోటార్లు బాగు చేయించుకోగలిగినవే. హెడ్ పోతే మాత్రం మార్చడం తప్ప దారి లేదు, దాని ఖర్చు ఒక్కోసారి మిషన్ ధరలో పెద్ద భాగాన్నే మింగేస్తుంది. అందుకని కింది వివరాల్లో హెడ్ గురించే ఎక్కువగా ఉంటుంది.

మీ పనికి ఏ రకం మిషన్ కావాలి

మండల కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో వచ్చే పనిలో ఎక్కువ భాగం పెళ్లి ఫ్లెక్సులు, పుట్టినరోజు శుభాకాంక్షలు, జాతర స్వాగత తోరణాలు, రాజకీయ హోర్డింగులే. చెరువుగట్టు జాతరకో, కురుమూర్తి జాతరకో కట్టే ఫ్లెక్స్‌ను జనం ఇరవై అడుగుల దూరం నుంచి చూస్తారు కాబట్టి దానికి ఘాటైన ద్రావకం కలిసిన సాల్వెంట్ ఇంకుతో నడిచే పదడుగుల మిషన్ సరిపోతుంది. ఈ మిషన్ల ప్రింట్ వెడల్పు 3.2 మీటర్లు, అంటే సుమారు పదిన్నర అడుగులు. వీటిలో మన ప్రాంతంలో తరచుగా కనిపించేవి కోనికా 512ఐ హెడ్లున్నవి. స్టార్‌ఫైర్, పొలారిస్ వంటి హెడ్లున్న మిషన్లు కూడా అమ్మకానికి వస్తుంటాయి.

దుకాణాల లోపలి బోర్డులు, వినైల్ స్టిక్కర్లు, అద్దాలకు అంటించే వన్ వే విజన్, ఆసుపత్రి గదుల పేర్ల వంటి దగ్గరి నుంచి చదివే పని మీకు ఎక్కువగా ఉంటే, ఘాటు తక్కువ ద్రావకం ఇంకు వాడే ఎకో సాల్వెంట్ మిషన్ చూసుకోవాలి. ఇవి సాధారణంగా ఐదారు అడుగుల వెడల్పువి. ఎప్సన్ తయారీ డీఎక్స్5, డీఎక్స్7, ఎక్స్‌పీ600, ఐ3200 హెడ్లలో ఏదో ఒకటి వీటిలో ఎక్కువగా ఉంటుంది. రోలాండ్, మిమాకి మిషన్లు కూడా ఈ కోవలోనివే. చుక్క చిన్నది కావడంతో అక్షరం అంచు పదునుగా వస్తుంది, వేగం మాత్రం తగ్గుతుంది.

అతినీలలోహిత ల్యాంపుల వెలుగుతో ఇంకును ఆరబెట్టే యూవీ మిషన్లను మొదటి మిషన్‌గా, అదీ సెకండ్ హ్యాండ్‌లో కొనవద్దని నా సలహా. వాటిలో హెడ్లతో పాటు ల్యాంపుల ఆయుష్షు కూడా లెక్కించవలసి వస్తుంది, దగ్గరలో మెకానిక్ దొరకడమూ కష్టమే. హెచ్‌పీ లాటెక్స్ మిషన్లలో హెడ్లు మనమే మార్చుకోగలిగినవి అయినా, ఇంకు ఆరబెట్టే వేడికి కరెంటు బాగా పడుతుంది. ఆ బిల్లును చిన్న పట్టణంలోని చదరపు అడుగు ధర మోయగలదా అన్నది ముందు లెక్క వేసుకోవాలి.

ఎప్పుడు కొనాలి

ఎన్నికలకు ముందు పాత మిషన్ కొనకండి. 2022 నవంబరు మునుగోడు ఉప ఎన్నిక వంటి సందర్భాల్లో రాత్రింబగళ్లు ప్రింటింగ్ నడుస్తుంది, అప్పుడు అమ్మేవారికి తొందర ఉండదు, కొనేవారికే ఉంటుంది. ఎన్నికలు ముగిసిన రెండు మూడు నెలలకు పరిస్థితి తలకిందులవుతుంది. అయితే అప్పుడు దొరికే మిషన్‌కు ఇంకో రకం ప్రమాదం ఉంటుంది: ఎన్నికల్లో విరామం లేకుండా తోలిన మిషన్‌ను, పని తగ్గాక నెలల తరబడి మూలన పడేసి, ఆ తర్వాత అమ్మకానికి పెడతారు. వాడకుండా వదిలేసిన సాల్వెంట్ మిషన్‌లో ఇంకు హెడ్ లోపలే ఎండుతుంది. ఆరు నెలలు ఆగిపోయిన మిషన్‌లో హెడ్ల విలువను సున్నాగా లెక్కగట్టి మాట్లాడడం మంచిది. ఆ ధరకు రాకపోతే వదిలేయండి.

ఫోన్‌లోనే తేల్చుకోవలసినవి

హైదరాబాద్ దాకానో, కర్నూలు దాకానో బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్లేముందు ఫోన్‌లోనే సగం పని అయిపోవాలి. హెడ్ల మోడల్ ఏది, ఎన్ని హెడ్లు, రంగుకు ఒకటా రెండా, చివరిసారి ఏ హెడ్ ఎప్పుడు మార్చారు, దాని బిల్లు ఉందా అన్నవి మొదటి ప్రశ్నలు. ఏ కంపెనీ ఇంకు పోస్తున్నారు, మధ్యలో ఎన్నిసార్లు మార్చారు అన్నది రెండోది. మెయిన్ బోర్డు ఏ కంపెనీది, ఫైలును మిషన్ వేసే చుక్కలుగా మార్చే రిప్ సాఫ్ట్‌వేర్ ఏది, దానికి తాళంచెవిలా పనిచేసే యూఎస్‌బీ డాంగిల్ ఇస్తారా, మిషన్ మీద బ్యాంకు అప్పు ఏమైనా ఉందా అని కూడా అడగండి. హెడ్ బిల్లు అడగగానే "అన్నా, మిషన్ సూపర్ ఉంది, వచ్చి చూసుకో" అని మాట దాటేస్తే, బిల్లు లేదనే అనుకోవాలి.

మిషన్‌ను నడుస్తున్న దుకాణంలో చూడడం, గోడౌన్‌లో దుప్పటి కప్పి ఉంచిన మిషన్‌ను చూడడం ఒకటి కాదు. నడుస్తున్నది దొరికితే ధర కొంచెం ఎక్కువైనా దానికే మొగ్గు చూపండి. వీలైతే రెండుసార్లు వెళ్లండి; ఒకసారి చెప్పి, ఒకసారి చెప్పకుండా.

చల్లగా ఉన్న మిషన్‌నే చూడాలి

నా మొదటి మిషన్‌ను చూడడానికి నేను మధ్యాహ్నం పూట వెళ్లాను. అప్పటికే మిషన్ ఆన్‌లో ఉంది, ఏసీ నడుస్తోంది, టేబుల్ మీద అందమైన ఫ్లెక్స్ ఒకటి వస్తోంది. ఇరవై నిమిషాలు చూసి, చాయ్ తాగి, బయానా ఇచ్చి వచ్చాను. తెచ్చిన మూడో రోజు నలుపు రంగులో తెల్లని గీతలు మొదలయ్యాయి. ఎంత క్లీనింగ్ చేసినా గంటకే మళ్లీ అవే గీతలు. మెకానిక్ వచ్చి చూసి, హెడ్‌ను ముందు రోజు రాత్రంతా క్లీనింగ్ సొల్యూషన్‌లో నానబెట్టి ఉంటారని, ఆ బలం మూడు రోజులే ఉంటుందని చెప్పాడు. ఆ హెడ్ ఖర్చు నాకు రెండు నెలల సంపాదన.

అందుకని పొద్దున్నే, దుకాణం తెరిచే వేళకే వెళ్లండి. రాత్రంతా ఆపి ఉన్న మిషన్‌ను మీ కళ్ల ముందు ఆన్ చేయించి, ఏ క్లీనింగూ చేయకముందే మొదటి నాజిల్ చెక్ (హెడ్‌లో ఇంకు వచ్చే సన్నని రంధ్రాల పరీక్ష ప్రింట్) తీయించండి. ఆ కాగితం మీద తేదీ, సమయం రాసి దగ్గర ఉంచుకోండి. తర్వాత ఒకసారి మామూలు క్లీనింగ్ చేయించి రెండోది, గంటసేపు ప్రింట్ నడిచాక మూడోది, రెండు గంటల తర్వాత నాలుగోది తీయించండి. మిషన్ నిజ స్వరూపం ఈ నాలుగు కాగితాలను పక్కపక్కన పెట్టినప్పుడు బయటపడుతుంది. రెండు గంటలు మిషన్ నడపడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, ఆ మీడియా (ప్రింట్ వేసే ఫ్లెక్స్) ఖర్చు మీరే ఇస్తామని చెప్పండి. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడితో సరి.

నాజిల్ చెక్ కాగితాన్ని చదవడం

నాజిల్ చెక్‌లో ఒక్కో నాజిల్ ఒక్కో చిన్న గీత వేస్తుంది. కోనికా 512ఐ హెడ్‌లో 512 నాజిళ్లు, డీఎక్స్5లో ఎనిమిది వరుసల్లో 180 చొప్పున 1440, ఎక్స్‌పీ600లో ఆరు వరుసల్లో 180 చొప్పున 1080, ఐ3200లో ఎనిమిది వరుసల్లో 400 చొప్పున 3200 ఉంటాయి. కాబట్టి 512లో ఐదు గీతలు లేకపోతే ఒక్క శాతమే పోయినట్టు. అదే ఎక్స్‌పీ600లో ఒక వరుసలో పది గీతలు లేకపోతే ఆ వరుసలో ఐదు శాతానికి పైగా పోయినట్టు. పోయినవి దూరదూరంగా చెదిరి ఉంటే ప్రింట్‌లో అంతగా తెలియదు. నాలుగైదు పక్కపక్కనే పోతే మాత్రం ఎన్ని పాస్‌లు పెట్టినా, అంటే హెడ్‌ను ఒకే చోట మీదుగా ఎన్నిసార్లు తిప్పినా, గీత కనిపిస్తుంది.

ఎన్ని పోయాయన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ పోయాయన్నది అంతకంటే ముఖ్యం. నాలుగు కాగితాల్లోనూ ఖాళీ అదే చోట ఉంటే ఆ నాజిల్ మూసుకుపోయి ఉండాలి, లేదా చచ్చిపోయి ఉండాలి. ఖాళీలు కాగితానికొక చోట మారుతూ ఉంటే తప్పు హెడ్‌ది కాకపోవచ్చు. హెడ్‌కు ఇంకు అందించే చిన్న డబ్బీ అయిన డ్యాంపర్‌లో గాలి చేరడం, ఫిల్టర్ మూసుకుపోవడం, ఆగి ఉన్నప్పుడు హెడ్‌ను మూసి ఉంచే క్యాపింగ్ స్టేషన్ రబ్బరు అరిగిపోయి సరిగా పట్టకపోవడం వంటివి కారణమై ఉంటాయి, అవి చిన్న ఖర్చుతో సరిచేయగలిగినవి. గీత ఉండి కూడా పక్కకు వంగి పడుతుంటే నాజిల్ మూతి దగ్గర మురికి పట్టిందని, లేదా తుడిచే వైపర్ గీరి హెడ్ ముఖం దెబ్బతిన్నదని అర్థం. ఒక వరుస మొత్తం ఒక్కసారిగా మాయమైతే అది ఇంకు సమస్య కాకుండా కరెంటు సమస్య అయ్యే అవకాశం ఎక్కువ. హెడ్ బోర్డు, ఫ్లాట్ కేబుల్ మార్చి చూస్తే తప్ప దోషం హెడ్‌లో ఉందో బయట ఉందో తేలదు. అలాంటి మిషన్‌ను హెడ్ పోయినట్టే లెక్కగట్టి మాట్లాడాలి.

పసుపు రంగును ప్రత్యేకంగా చూడండి. తెల్లని ఫ్లెక్స్ మీద పసుపు గీతలు కంటికి సరిగా ఆనవు కాబట్టి చాలామంది వాటిని వదిలేస్తారు. నీలి రంగు అద్దం ముక్కో, ఫోన్ కెమెరాలో దగ్గరగా తీసిన ఫోటోనో సాయం తీసుకోండి. పసుపు అంచులు ఆకుపచ్చగా మారుతుంటే రంగులు హెడ్ దగ్గరో క్యాప్ దగ్గరో ఒకదానిలోకి ఒకటి లాగబడుతున్నాయని గుర్తు.

కోనికా హెడ్ల విషయంలో ఇంకో పరీక్ష ఉంది, ఇది మెకానిక్‌లకు తప్ప అంతగా తెలియదు. ప్రతి హెడ్ మీదా స్టిక్కరులో దాని వోల్టేజీ అంకె ముద్రించి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ హెడ్‌కు పెట్టిన వోల్టేజీ దానికి దగ్గరగా ఉండాలి. ముసలిదైన హెడ్ నుంచి ఇంకు సరిగా రాకపోతే వోల్టేజీ పెంచి తోస్తారు. స్టిక్కరు మీది అంకెకు, సాఫ్ట్‌వేర్‌లోని అంకెకు పెద్ద తేడా ఉంటే ఆ హెడ్ చివరి రోజుల్లో ఉందని తెలుసుకోవచ్చు.

మీ ఫైలు, మీ పెన్‌డ్రైవ్

అమ్మేవారు చూపించే ఫైలుతో పరీక్ష చేయవద్దు. వారికి తెలిసిన ఫైలులో మిషన్ లోపాలను దాచే రంగులే ఉంటాయి. బాగా కలగాపులగంగా పూలు, మెరుపులు ఉన్న డిజైన్‌లో గీతలు కనబడవు. ఖాళీ లేత బూడిద రంగులో దాచడానికి చోటుండదు. కాబట్టి మీ ఫైలు మీరే తయారు చేసుకుని వెళ్లండి.

ఆ ఫైలులో నాలుగు రంగులూ విడివిడిగా, అడుగు వెడల్పు, పదడుగుల పొడవు పట్టీలుగా ఉండాలి. పట్టీ మొదట్లో నిండుగా ఉండి చివరికి వచ్చేసరికి రంగు పలచబడుతుంటే హెడ్‌కు ఇంకు సరఫరా చాలడం లేదు. పంపు, ఫిల్టర్, డ్యాంపర్లను అనుమానించాలి. వాటి పక్కన లేత నుంచి ముదురు దాకా వెళ్లే బూడిద పట్టీ ఒకటి, మనిషి ముఖం ఫోటో ఒకటి పెట్టండి. నాయకుల ముఖాలే మన దుకాణాల్లో ఎక్కువ సొమ్ము తెచ్చేవి. చెంప మీద అడ్డగీత వస్తే ఆ ఫ్లెక్స్ వెనక్కి వస్తుంది.

నల్లని నేల మీద తెల్లని తెలుగు అక్షరాలు పెట్టడం మాత్రం మరిచిపోవద్దు. "శ్రీ", "క్ష", "జ్ఞ", "స్త్రీ" వంటివి అర అంగుళం ఎత్తులో, సన్నని అను ఫాంట్‌లో రాసి, ఏ కంప్యూటర్‌లోనైనా చెదరకుండా కర్వ్‌లుగా (గీతల బొమ్మగా) మార్చి పెట్టండి. హెడ్ వెళ్లేటప్పుడు వేసిన చుక్కలు, వచ్చేటప్పుడు వేసిన చుక్కలతో కలవకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో అంతగా కనిపించదు గానీ, మన ఒత్తుల సుడుల్లో నలుపు నిండిపోయి తలకట్టు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. ఈ ప్రింట్‌ను రెండు వైపులా నడిచే మోడ్‌లోనే తీయించాలి. ఒకవైపే ప్రింట్ చేసే మోడ్ పెడితే ఈ లోపం దాగిపోతుంది, వేగం మాత్రం సగం పడిపోతుంది. అలాగే మీరు రోజూ వాడబోయే పాస్‌ల సంఖ్య మీదే చూడండి. పాస్‌ల అంచులను ఒకదానిలో ఒకటి కలిపే ఫెదరింగ్‌ను ఆపేయించి ఒక ముక్క తీయించండి. ఎక్కువ పాస్‌లు, ఎక్కువ ఫెదరింగ్ అన్నవి చచ్చిన నాజిళ్లను కప్పే దుప్పట్లు.

చివరగా 8 అడుగులు, 6 అడుగుల దీర్ఘ చతురస్రం ఒకటి సన్నని గీతతో ప్రింట్ చేయించి టేపుతో మూల నుంచి మూలకు కొలవండి. మేస్త్రీలు ఇంటి పునాదికి మూలమట్టం చూసినట్టే, రెండు కర్ణాలూ సరిగ్గా పదడుగులు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే మీడియా వంకరగా లాగబడుతోంది. రెండూ సమానంగా ఉండి పదడుగులకు తేడా వస్తే మీడియాను ముందుకు లాగే ఫీడ్ సర్దుబాటులో తప్పుంది, అది సాఫ్ట్‌వేర్‌లో సరిచేయవచ్చు. ఐదడుగుల మిషన్‌కైతే 4, 3 అడుగులు పెట్టుకుంటే కర్ణం ఐదడుగులు రావాలి. రెండు మూడు ముక్కలు అతికించే పెద్ద హోర్డింగులు చేసేవారికి ఈ కొలత తప్పితే అతుకు దగ్గర బొమ్మ కలవదు.

ఆ దీర్ఘ చతురస్రాన్ని నిండు రంగుతో ప్రింట్ చేయిస్తూ ఫోన్‌లో సమయం కూడా చూడండి. 48 చదరపు అడుగులకు మూడు నిమిషాలు పడితే గంటకు 960 చదరపు అడుగులు వస్తాయి. పదడుగుల వెడల్పు, 50 మీటర్ల రోలు అంటే 1640 చదరపు అడుగులు కాబట్టి రోలు ముగియడానికి సుమారు గంటా నలభై నిమిషాలు పడుతుంది. అమ్మేవారు చెప్పే వేగాన్ని ఈ లెక్కతో పోల్చుకోండి.

పట్టాలు, బెల్టు, ఎన్‌కోడర్

కరెంటు ఆపించి, హెడ్లను మోసే క్యారేజీని చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తోయండి. చెయ్యికి ఎక్కడా గరగర తగలకూడదు, ఎక్కడా బిగుసుకోకూడదు. ఒక చోట మాత్రమే ఆగినట్టు అనిపిస్తే పట్టా అక్కడ అరిగింది. బెల్టు పళ్ల మీద తెల్లని పొడి రాలుతోందా, కేబుల్ గొలుసులో ఇంకు గొట్టాలు పచ్చబడి గట్టిపడ్డాయా చూడండి. గట్టిపడిన గొట్టం ఏదో ఒక రాత్రి పగిలి దుకాణమంతా రంగు చేస్తుంది.

పట్టా వెంబడి సాగే సన్నని పారదర్శక పట్టీని ఎన్‌కోడర్ స్ట్రిప్ అంటారు. సాల్వెంట్ పొగకు అది మసకబారితే క్యారేజీకి తానెక్కడున్నదో తెలియక బొమ్మ ఒక్కసారిగా పక్కకు దూకుతుంది. మసక తుడిస్తే పోతుంది, గీరుకుపోతే మార్చాలి. దాని ధర తక్కువే. క్యాపింగ్ స్టేషన్ రబ్బర్లు, వైపర్లు ఎలాగూ మార్చవలసినవే కాబట్టి వాటి గురించి బేరంలో వాదించి సమయం వృథా చేయవద్దు.

బోర్డులు, కంప్యూటర్

ఈ మిషన్లలో అడగకుండా వదిలేసే వస్తువు డాంగిల్. రిప్ సాఫ్ట్‌వేర్ ఫోటోప్రింట్ అయినా మెయిన్‌టాప్ అయినా డాంగిల్ లేకుండా ప్రింట్ కదలదు. దాన్ని చేతిలో పెట్టుకున్నాకే మిగతా మాట. మిషన్‌కు తగిలించి ఉన్న పాత కంప్యూటర్‌ను కూడా కలిపే కొనండి. అది ఎంత పాతదైనా, దానిలో మిషన్ సెట్టింగులు, రంగుల ప్రొఫైళ్లు, డ్రైవర్లు ఉంటాయి, కొత్త కంప్యూటర్‌లో వాటిని మళ్లీ కూర్చడానికి రోజులు పడుతుంది. అక్కడే వాటన్నిటినీ మీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

మెయిన్ బోర్డు, హెడ్ బోర్డుల మీది కంపెనీ పేరు, నంబరు ఫోటో తీసి, ఆ రకం బోర్డు ఇప్పటికీ దొరుకుతుందా అని హైదరాబాద్‌లో స్పేర్లు అమ్మేవారిని ఫోన్‌లో అడిగి తెలుసుకోండి. తయారీ ఆగిపోయిన బోర్డున్న మిషన్ ఎంత బాగా నడుస్తున్నా, ఒక పిడుగు రాత్రితో అది ఇనుప సామాను కింద లెక్క. రోలాండ్ వంటి మిషన్లలో లోపలి మెనూ నుంచి సిస్టమ్ రిపోర్టు ప్రింట్ తీయవచ్చు. అందులో మిషన్ వాడకం చరిత్ర కనబడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే మొత్తం చదరపు అడుగుల అంకెను మాత్రం పూర్తిగా నమ్మలేం, బోర్డు మారితే అదీ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

ధర ఎలా కట్టాలి

ఒక ఉదాహరణ చూద్దాం. ఈ అంకెలు లెక్క తీరు చూపడానికే, వాటి స్థానంలో మీరు అడిగి తెలుసుకున్న ధరలు పెట్టుకోండి. అమ్మేవారు 3 లక్షలు అడిగారు, నాలుగు హెడ్లున్నాయి, కొత్త హెడ్ ధర 50 వేలు అనుకుందాం. నాలుగు కాగితాల పరీక్షలో ఒక హెడ్ వెంటనే మార్చవలసినదని, ఇంకొకటి సగం ఆయుష్షులో ఉందని తేలింది. అంటే 50 వేలు, 25 వేలు. క్యాపులు, డ్యాంపర్లు, ఫిల్టర్లు, మొదటి ఇంకుకు 20 వేలు, రవాణాకు దించుడుకు 20 వేలు, మీ గదిలో ఎర్తింగుకు, యూపీఎస్‌కు 35 వేలు. మొత్తం నాలుగున్నర లక్షలు. మీరు కొంటున్న మిషన్ ధర నాలుగున్నర లక్షలు, మూడు కాదు. బేరం చేసేటప్పుడు "కొంచెం తగ్గించండి" అనే బదులు నాజిల్ కాగితం ముందు పెట్టి "ఈ నలుపు హెడ్ మార్చాలి కదా, దాని సగం మీరు భరించండి" అంటే మాట నిలుస్తుంది. అమ్మేవారూ ఇదే పనిలో ఉన్నవారు, కాగితం చదవడం వారికీ తెలుసు.

బయానా ఇచ్చేటప్పుడు హెడ్ల సీరియల్ నంబర్లు, బోర్డుల నంబర్లు రాసి, నాజిల్ చెక్ కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేయండి. మీరు బయానా ఇచ్చి వెళ్లాక హెడ్ మార్చేసిన ఉదంతాలు ఈ వ్యాపారంలో కొత్త కాదు. మిషన్ బ్యాంకు అప్పుతో కొన్నదైతే అప్పు తీరినట్టు బ్యాంకు పత్రం చూడకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. అమ్మేవారికి జీఎస్టీ ఉంటే బిల్లు తీసుకోండి. సరుకు విలువ 50 వేలు దాటితే దారిలో చూపడానికి ఈ-వే బిల్లు కూడా ఉండాలి.

దింపి తేవడం

పదడుగుల మిషన్ మొత్తం పొడవు సుమారు పదిహేను అడుగులు ఉంటుంది, బరువు మోడల్‌ను బట్టి అర టన్ను నుంచి టన్ను దాకా. దాని కొలతలు తీసుకుని ముందుగా మీ మడిగె షట్టరు వెడల్పు, లోపల తిప్పుకునే జాగా కొలవండి. మొదటి అంతస్తు గది అయితే ఈ ఆలోచన మానుకోవడమే నయం. డీసీఎం మాట్లాడేటప్పుడు బాడీ పొడవు అడగండి. మిషన్ వెనక బయటికి వేలాడుతూ రాకూడదు. ఎక్కించడానికి దించడానికి హైడ్రా క్రేన్‌ను పిలిస్తే ఖర్చు తప్పదు గానీ, పదిమంది కూలీలు ఒక మూల ముందు ఎత్తి, ఒక మూల తర్వాత ఎత్తితే పట్టా వంగుతుంది, ఆ వంపు జన్మలో పోదు.

కదిలించే ముందు మెకానిక్‌తో ఇంకు గొట్టాలు ఖాళీ చేయించి, హెడ్లను క్లీనింగ్ సొల్యూషన్‌తో కడిగించి, తడిగా ఉన్న క్యాపుల మీద కూర్చోబెట్టించండి. క్యారేజీని తాడుతో కాకుండా మెత్తని పట్టీతో చట్రానికి కట్టండి. హెడ్లు విప్పి వేరుగా తేవడమే ఇంకా క్షేమమని కొందరు మెకానిక్‌లు అంటారు. మన రోడ్లు చూస్తే నాకూ అదే నిజమనిపిస్తుంది. ప్రయాణం ఒక్క రోజులో ముగిసేలా చూసుకోండి, హెడ్లను ఎండలో డీసీఎంలో వదిలి భోజనానికి వెళ్లకండి.

మీ గదిలో మొదటి వారం

మిషన్ రాకముందే ఎర్తింగ్ గుంత తవ్వించండి. నల్లగొండ, దేవరకొండ వైపు రాతి నేల కాబట్టి గుంత లోతు సరిపోక ఎర్త్ బలహీనంగా ఉంటుంది. వేసవిలో గుంత ఎండిపోతే ఇంకా తగ్గుతుంది. ఉప్పు, బొగ్గు వేసి, వారానికోసారి నీళ్లు పోయాలి. మల్టీమీటరుతో న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య కొలిస్తే రెండు మూడు వోల్టులకు మించకూడదు. అంతకు మించితే హెడ్ బోర్డు కాలే ప్రమాదం ఉంది కాబట్టి ముందు దాన్ని సరిచేయించాకే మిషన్ ప్లగ్ పెట్టండి. కరెంటు కనెక్షన్ వాణిజ్య కేటగిరీలో ఉండాలి. ఇంటి మీటరు నుంచి లాగితే లోడు విషయంలోనూ, అధికారుల తనిఖీలోనూ ఇబ్బంది తప్పదు.

మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండలు కాస్తాయి. ఆ వేడికి హెడ్ ముఖం మీద ఇంకు నిమిషాల్లో ఆరిపోతుంది. గదిలో ఏసీ పెట్టి 25 డిగ్రీల దగ్గర ఉంచితే ఆ ఏసీ ఖర్చు హెడ్ ఖర్చులో మిగిలిపోతుంది. అదే సమయంలో సాల్వెంట్ ఇంకు ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మంట అంటుకునేది కూడా. అందుకని పొగను బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి, గదిలో బీడీ సిగరెట్లు నిషేధం.

పాత యజమాని వాడిన ఇంకు కంపెనీని వెంటనే మార్చకండి. మార్చక తప్పకపోతే, చిన్న గాజు సీసాలో రెండు ఇంకులూ సమపాళ్లలో కలిపి ఒక రోజు ఉంచి చూడండి. అడుగున జిగురు ముద్ద కనిపిస్తే అవి ఒకదానితో ఒకటి పొసగవు. గొట్టాలన్నీ కడిగాకే కొత్తది పోయాలి.

పండగకు ఊరెళ్లేటప్పుడు మిషన్‌ను ఊరికే ఆపి తాళం వేసి వెళ్లడం చాలామంది చేసే పొరపాటు. సంక్రాంతి నాలుగు రోజులైనా సరే, క్యాపుల్లో క్లీనింగ్ సొల్యూషన్ పోసి హెడ్లను దాని మీద ఉంచి వెళ్లాలి, రెండు రోజులకోసారి ఎవరైనా వచ్చి నాజిల్ చెక్ తీయాలి. నా దుకాణంలో గోడకు ఒక మేకు కొట్టి, మొదటి రోజు అమ్మినవారి సంతకంతో ఉన్న నాజిల్ కాగితాన్ని అడుగున పెట్టి, ప్రతి సోమవారం తీసిన కాగితాన్ని దాని మీద గుచ్చుతాను. ఏ నాజిల్ ఏ వారం పోయిందో వెనక్కి తిప్పి చూస్తే తెలిసిపోతుంది, మెకానిక్ వచ్చినప్పుడు నేను మాట్లాడవలసిన అవసరం లేకుండా ఆ కట్టే అతని చేతికిస్తాను.